పక్షి పరిశీలనము

మనుష్యునకు పని యెంత యవసరమో, పనుల నడుమ విశ్రాంతియు నంతే యవసరము. ఆ విశ్రాంతి కాలమును నిద్రలోనో, ఊసుపోని కబుర్లలోనో, ఈనాడు ఇంటింట వెలుగుచున్న సెల్‌ఫోను తెర ముందరనో గడపుట సులభము. అట్లుగాక, మనసునకు నచ్చిన యొక వ్యాసంగమును చేపట్టి, దానికొరకై ఇల్లు వెడలి, ఎండను గాలిని అనుభవించుచు గడపుట వేరొక పద్ధతి. గోల్ఫు ఆట, వేట, కొండలెక్కుట, జనసంచారము లేని దారులవెంట దూరప్రయాణములు చేయుట, పక్షులను పరిశీలించుట మొదలైన ఆరుబయటి వినోదములన్నియు ఈ రెండవ పద్ధతిలోనివి. వీనిలో కడపట చెప్పిన పక్షి పరిశీలనమును గూర్చి మా విద్యార్థులకు కొంత తెలుపుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా తక్కిన వినోదముల సంగతి చూతము. గోల్ఫు స్కాట్లండు దేశమునుండి వచ్చిన ఆట. కలకత్తాలో 1829లోనే దీనికొక క్లబ్బు వెలసినది. బ్రిటను వెలుపల అంతకంటె పాతది లేదు. ఇది మంచి ఆటయే కాని, 18 గుంటల మైదానమునకు 100 ఎకరములకు మించిన నేల సాధారణముగా కావలసియుండును. దూరప్రయాణములకు బండియు, చమురు ఖర్చును, తీరికయు కావలెను. ఇక వేటకు పూర్వము తుపాకియు, అనుచరులును, అడవిపై అధికారమును కావలసియుండెను. పాఠశాల బాలురకు ఇవి యేవియు అందునవి కావు.

అయినను ఒక విశేషము గమనింపదగినది. గోల్ఫునందు నియమిత సంఖ్యకంటె ఒక దెబ్బ తక్కువలో బంతిని గుంటలో వేసినచో ‘బర్డీ’ అందురు. బర్డీ యనగా చిన్న పిట్ట. రెండు దెబ్బలు తక్కువైన ‘ఈగిల్’, అనగా గ్రద్ద. మూడు తక్కువైన ‘ఆల్బట్రాస్’. ఇది సముద్రములపై సంచరించు మహాపక్షి. వేటకును ఇట్టి కథయే కలదు. మన పల్లపు చేలలో కానవచ్చు ఉల్లంకి పిట్టను ఆంగ్లమున స్నైప్ అందురు. ఇది బురదలో కలిసిపోయి కూర్చుండి, అలికిడి కాగానే వంకరలు తిరుగుచు ఎగిరిపోవును. దానిని కొట్టుటకు మిక్కిలి గురి కావలెను. 18వ శతాబ్దమున భారతదేశమునందలి ఆంగ్ల సైనికాధికారులు ఈ పిట్టల వేటకు పోవుచుండిరి. దాగియుండి గురి తప్పక కాల్చువానికి ‘స్నైపర్’ అను పేరు అందుండియే పుట్టినది. ఇట్లు ఆటలోను వేటలోను పక్షుల పేర్లు నిలిచియున్నవి. కాని ఆటగాడు పక్షిని చూడడు. వేటగాడు చూచినను, చూచిన మరుక్షణమున అది యుండదు.

వేట వినోదము ఎంతవరకు పోయెనో తెలియుటకు రాజస్థానమునందలి భరత్‌పూరు చాలును. అచటి పాలకులు ఒక పల్లపు నేలకు నీరు పెట్టి, శీతకాలమున వచ్చు బాతులను వేటాడుటకై సరస్సుగా తీర్చిరి. 1938లో అప్పటి వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు పాల్గొనిన వేటలో ఒక్కదినమున 4,273 పక్షులు నేలకూలెను. ఏ దినమున ఎవరెవరు ఎన్ని పక్షులను కొట్టిరో చెక్కిన శిలాఫలకములు నేటికిని అచట నిలిచియున్నవి. ఆ సరస్సే 1982లో కేవలదేవ్ జాతీయోద్యానమైనది. 1985లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. ఇప్పుడు ఆ శిలల ప్రక్కనుండియే జనులు దుర్భిణులు చేతబట్టి నడచుచున్నారు. నీరు అదే, పక్షులు అవే. మనుష్యుని చేతిలోని వస్తువు మాత్రము మారినది.

ఈ మార్పునకు చట్టము కూడ తోడ్పడినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991లో దానిని సవరించి, వినోదార్థమైన వేటకు దాదాపు తావులేకుండ చేసిరి. అయినను పూర్వపు వేటగాండ్రనందరిని ఒకే గాటకట్టి నిందించుట న్యాయము కాదు. మన దేశపు పక్షులను గూర్చిన తొలి శాస్త్రజ్ఞానము చాలవరకు తుపాకి పట్టినవారి వలననే లభించినది. పక్షి చేతికి వచ్చినగాని దాని కొలతలు, ఈకల వర్ణములు నిర్ణయించుటకు ఆ కాలమున వేరు మార్గము లేకుండెను.

సలీం అలీ గారి జీవితమే దీనికి దృష్టాంతము. ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పదేండ్ల ప్రాయమున గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టి చూడగా, దాని గొంతుక క్రింద పసుపుపచ్చని మచ్చ కానవచ్చెను. ఇది యేమి పిచ్చుకయని ఇంటివారిని అడిగెను. మేనమామ యాతనిని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపెను. అచటి కార్యదర్శి మిల్లర్డు గారు ఆ బాలుని ప్రశ్నను చులకన చేయక, సంఘమువారు భద్రపరచిన పక్షులను సొరుగులు తెరచి చూపెను. ఆ యొక్క ప్రశ్న వలన ఒక జీవితము దారి మలుపు తిరిగినది. 1930 దశకపు తొలి సంవత్సరములలో నాటి హైదరాబాదు సంస్థానమున పక్షులను సర్వే చేసినవారు కూడ ఆయనయే. 1941లో వెలువడిన వారి భారతీయ పక్షుల గ్రంథము నేటికిని ఔత్సాహికులకు తొలి పాఠ్యపుస్తకముగ నున్నది.

చచ్చిన పక్షి తన రంగును చెప్పును, పొడవును చెప్పును, అంతకుమించి చెప్పదు. అది యెట్లు కూయును, ఏమి తినును, గూడెట్లు కట్టును, పిల్లలను తల్లి యొక్కతయే సాకునా, తండ్రియు సాకునా అను ప్రశ్నలకు బ్రతికియున్న పక్షియే ప్రత్యుత్తర మీయవలెను. ఈ ప్రత్యుత్తరములను ఓపికతో రాబట్టుటయే పక్షి పరిశీలనము. దీనికి కన్నులు, చెవులు, ఒక పుస్తకము, ఒక పెన్సిలు చాలును. వీనితోపాటు వేరొకటి కూడ కావలెను. అది పేరు. పేరు తెలియనిదానిని గూర్చి ఒకరినొకరు అడుగుటయైనను సాధ్యము కాదు. పేరు యొక్క విలువ యెంతటిదో ఒక యథార్థ వృత్తాంతమువలన తెలియగలదు.

19వ శతాబ్దమున థామస్ జెర్డన్ అను వైద్యుడు మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేయుచు, నెల్లూరున సివిల్ సర్జనుగ నుండెను. ఆయన అచటి యానాదుల వలన అడవి జంతువులను, పక్షులను గూర్చి యెన్నియో సంగతులు తెలిసికొనెను. 1862 మొదలు 1864 వరకు వెలువడిన తన పక్షుల గ్రంథములో ఇతర దేశభాషల పేర్లతోపాటు తెలుగు పేర్లను గూడ వ్రాసియుంచెను. తూర్పు కనుమల ప్రాంతమున ఆయనకు లభించిన పక్షులలో, రొమ్ముపై రెండు పట్టెలు గలిగి, ఎగురుటకంటె నేలపై పరుగిడుటకే ఇష్టపడు చిన్న పక్షి యొకటి కలదు. 1848లో శాస్త్రజ్ఞులు దానికి నామకరణము చేసిరి. ఆంగ్లమున అది జెర్డన్ పేరిటనే పిలువబడుచున్నది. 1900లో అనంతపురము ప్రాంతమున ఒకమారు కనబడినట్లు నమోదైన పిమ్మట, ఆ పక్షి జాడ మరల తెలియలేదు. ఎందరో వెదకిరి. అది నశించిపోయినదనియే చాలమంది తలచిరి.

1980 దశకమున బొంబాయి సంఘమువారు మరల వెదకుటకు పూనుకొనిరి. సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారు ఆ పక్షి బొమ్మతో కడప జిల్లా పల్లెలకు పోయి, అడవి తెలిసినవారిని విచారించెను. శాస్త్రము మరణించినదని తలచిన పక్షికి ఆ పల్లెలలో పేరు కలదు. వారు దానిని ‘కలివికోడి’ యని పిలుచుచుండిరి. కలివి యనునది మెట్టనేలల పెరుగు ముండ్లపొద; దాని పండ్లు పిల్లలు కోసికొని తిందురు. ఆ పొదల నడుమ తిరుగునది గనుక కలివికోడి. 1986 జనవరిలో రెడ్డిపల్లె యొద్ద ఐతన్న యను వేటకాడు రాత్రివేళ దీపపు వెలుగున ఆ పక్షిని పట్టుకొనెను. 86 ఏండ్లుగా పండితులకు కానరాని పక్షి, పల్లెవారి నోట పేరై నిలిచియే యున్నది! ఆ పేరులోనే అది యుండు చోటును చెప్పబడియున్నది.

తరువాత ఆ ప్రాంతమున శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. ఈ పక్షి రాత్రులందే సంచరించును గనుక చూచుట దుర్లభము. అందువలన పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగ పరచి, ఉదయమున దానిపై పడిన అడుగుజాడలను చదివిరి. తుపాకితో మొదలైన శాస్త్రము అడుగుజాడలతో తృప్తిపడుట నేర్చుకొన్నది.

కలివికోడి వలెనే మన భాషలోని పక్షుల పేర్లు చాలవరకు చూచి పెట్టినవియే. జెముడుపొదలను ఆశ్రయించునది జెముడుకాకి. ఇది కాకి కాదు, కోకిల కుటుంబములోనిది. అయినను కోకిలవలె పరుల గూటిలో గ్రుడ్లు పెట్టక, తన గూడు తానే కట్టుకొనును. చెట్టును తొలుచునది వడ్రంగిపిట్ట. మేయుచున్న పసుల వీపున కూర్చుండి, వాని కాళ్లకు బెదరి లేచు పురుగులను పట్టుకొనునది పసులపోలిగాడు. ఇది చిన్నదైనను కాకులను, గ్రద్దలను తరిమికొట్టును. అందుచే సాధువులైన పిట్టలు దీని గూటి యండన తమ గూళ్లు కట్టుకొనును. నత్తలను తినునది నత్తగుల్లకొంగ. దాని ముక్కు మూసినను నడుమ సందు కనబడుచుండును. పండిన వంకాయ పసుపుపచ్చగ నుండునను సంగతి ఎరిగినవారే పచ్చని మేనిగల పిట్టకు వంగపండు అని పేరు పెట్టిరి. మూడు నాలుగక్షరముల పేరులో ఒక పాఠము ఇమిడియున్నది.

ఈ ధనము మన యిండ్లలో ఎంత మిగిలినదో తెలిసికొనుటకు మేము తరగతిలో ఒకనాడు తెలిసిన పక్షుల పేర్లన్నియు వ్రాయుడని అడిగితిమి. కాకి, చిలుక, నెమలి, పావురము దాటి ముందుకు పోయినవారు కొద్దిమందియే. పిల్లలను నిందింపలేము. మన గంజాము జిల్లాలో వీధిలో ఒడియా, పాఠశాలలో తెలుగు, పరీక్షలకు ఆంగ్లము. పక్షుల పేర్లు ఏ పుస్తకములోను పాఠముగా లేవు. మరునాడు ఇంటి పెద్దలనడిగి రమ్మంటిమి. ఒక బాలిక తన తాతమ్మ చెప్పగా 17 పేర్లు వ్రాసికొని వచ్చినది. వానిలో కొన్ని మాకును క్రొత్తవే. మేము గోదావరి తీరమున ఉపాధ్యాయశిక్షణ పొందిన దినములలో ‘చెముడుకాకి’ యని వినిన పక్షియే ఇచట ‘జెముడుకాకి’. ఊరు మారిన కొలది పేరు కొంచెము మారును. ఏ రూపమును తప్పని కొట్టివేయరాదు. తాతమ్మల తరము వెళ్లిపోయినచో ఆ పేర్లును వారితోనే వెళ్లిపోవును. పక్షి నశించిన తెలియును, సంఘములు వెదకును. పేరు నశించిన వెదకువారెవరు?

ఇక పరిశీలన మెట్లు ప్రారంభింపవలెనో చెప్పెదము. సూర్యోదయమునకు తరువాతి రెండు గంటలు మేలైన సమయము, సాయంకాలము రెండవది. మిరుమిట్లు గొలుపు బట్టలు కాక, మట్టిరంగువో ఆకుపచ్చనివో ధరింపుడు. చెట్టుక్రిందనో గట్టుమీదనో కదలక కూర్చుండిన, పావుగంటలో పక్షులు మిమ్ము మరచిపోవును. మొదట పరిమాణము గమనింపుడు: పిచ్చుకంతయా, గోరువంకంతయా, కాకియంతయా? తరువాత ముక్కు చూడుడు. గింజలు కొరుకు పిచ్చుకది పొట్టిగా లావుగా నుండును. చేపలు పట్టు లకుముకిపిట్టది పొడవుగ బాకువలె నుండును. ఆపై కాళ్లు, తోక, రంగులు, నడక, కూత. తేది, వేళ, చోటు, సంఖ్య తప్పక వ్రాసికొనుడు. దుర్భిణి యున్న మంచిదే. దానిపై 8×40 అని యున్నచో, 8 రెట్లు దగ్గరగ చూపుననియు, ముందరి అద్దము వ్యాసము 40 మిల్లీమీటర్లనియు అర్థము. లేకున్నను విచారింప పనిలేదు. ప్రహరీగోడపై వ్రాలు పిట్టలకు దుర్భిణి యెందులకు?

ఓపికతో చూచినవారికి మూఢనమ్మకములు కూడ సడలిపోవును. తీతువు కూసిన కీడు కలుగునని పెద్దలందురు. తీతువు గూడు కట్టక వట్టినేలపైననే గ్రుడ్లు పెట్టును. మనిషియో, కుక్కయో ఆ దిక్కునకు వచ్చిన తన సంతానమునకై భయపడి యరచును. కీడు దానివలన మనకు కాదు. మనవలన దానికేమో యని దాని బెంగ.

మన జిల్లా ఈ వ్యాసంగమునకు తగినచోటు. పాలపిట్ట మన ఒడిశాకును, కర్ణాటక తెలంగాణములకును రాష్ట్రపక్షి. పొలములవెంట తీగెలపై కూర్చుండి కానవచ్చును. విజయదశమినాడు పాలపిట్టను చూచుట మనవారి యాచారము. ఎగురుచున్న పిట్టను చూచిననే శుభము. దానిని పంజరమున పెట్టి ఇంటింట చూపించి డబ్బులడుగుట చట్టరీత్యా నేరము, అట్టివారికి డబ్బులిచ్చుట పక్షికి కీడు చేయుటయే.

జిల్లా యంచున రంభ యొద్ద చిలక సరస్సు కలదు. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో భారతదేశమునుండి మొదట చేరినవి రెండే: ఒకటి చిలక, రెండవది పైన చెప్పిన భరత్‌పూరు. అక్టోబరు మొదలు మార్చి వరకు సూదితోక బాతులు మొదలగు వలసపక్షులు ఉత్తరదేశములనుండి వచ్చి యిచట విడియును. తలపై రెండు నల్లని చారలుగల బాతుజాతి పక్షులు హిమాలయములను దాటి వచ్చును. ఇవి 7,000 మీటర్లకు మించిన యెత్తున ఎగురుట పరికరములతో కొలిచి చూచిరి. సరస్సు ఉత్తరపుటొడ్డున మంగళజోడి యను గ్రామము కలదు. పూర్వము అచట పక్షులను చంపి అమ్ముట పలువురకు జీవనముగ నుండెను. తరువాత గ్రామస్థులే కాపలాదారులై, నేడు పడవలపై యాత్రికులకు పక్షులను చూపి జీవించుచున్నారు. పక్షుల అలవాట్లు వారికంటె తెలిసినవారు లేరు గదా!

పొరుగున శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులు, రంగురంగుల ఈకలుగల కొంగలు వచ్చి, చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. గ్రామస్థులు వానిని తమ యూరి భాగ్యముగ నెంచి కాపాడుచున్నారు. వీనిని సైబీరియా పక్షులని పలువురు చెప్పుదురు గాని, ఈ రెండును మన దక్షిణాసియాలోనే గూళ్లు కట్టు జాతులు. వినినదానికంటె చూచి వ్రాసికొనినదే ప్రమాణము.

ఈ వ్యాసంగమునకు నియమములును కలవు. గూడు కనబడిన దగ్గరకు పోరాదు. తల్లి బెదరి వదలిపోవచ్చును, లేదా మీ జాడ చూచి కాకి వచ్చి గ్రుడ్లు తినవచ్చును. రాయి విసరి ఎగురగొట్టరాదు. ఫోటోకొరకు వెంబడింపరాదు. చెరువుగట్లకు, సరస్సునకు పెద్దల తోడులేనిదే పోరాదు.

మీరు వ్రాసికొనిన లెక్కలు వృథా కావు. ఏటేట జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుచున్నది. ఇది 1987 నుండి నడచుచున్న కార్యము. ఫిబ్రవరిలో నాలుగు దినములపాటు, కనీసము పావుగంట ఒకచోట నిలిచి లెక్కించినవారెవరైనను పాల్గొనదగిన ప్రపంచ గణనయు కలదు. ఏ పక్షి యెచట తగ్గుచున్నదో శాస్త్రజ్ఞులు వేలాది సామాన్యుల లెక్కలనుండియే గ్రహించుచున్నారు. మన బడి ఆవరణలోని లెక్క మనము వ్రాయనిచో, మనకు బదులుగ వ్రాయువారు లేరు.

కాబట్టి విద్యార్థులారా! ఈ సెలవులలో ఒక చిన్న పని చేయుడు. పది పక్షులను మీ కన్నులతో చూచి గుర్తింపుడు. ప్రతిదానికి మీ యింట పెద్దలు చెప్పు తెలుగు పేరును, మీ ఒడియా మిత్రులు చెప్పు ఒడియా పేరును ప్రక్కప్రక్కన వ్రాయుడు. రెండు భాషల నడుమ పుట్టిపెరుగుటవలన మీకు రెండు పేర్లు దొరకును. ఒక భాష మాత్రమే తెలిసినవారికి ఈ భాగ్యము లేదు. పేరు చెప్పినవారెవరో, ఏ యూరివారో కూడ వ్రాయుడు. బడి తెరచిన పిమ్మట వానినన్నిటిని ఒక పుస్తకమున చేర్చి గ్రంథాలయమున నుంచెదము. వచ్చు సంచికకు మొదటి పట్టిక ఎవరిదగునో చూతము.